కట్టడానికి ప్రభుత్వ ఖజానా, నడపడానికి పేదవాడి జేబు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పక్కన ఔటర్ రింగ్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఇది బ్లూ లైన్. సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం వరకు ఒక దశ, అక్కడి నుంచి విమానాశ్రయం వరకు ఇంకో దశ. రెండూ కలిపి 58.19 కిలోమీటర్లు. 2021 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినప్పుడు అంచనా వ్యయం 14,788 కోట్ల రూపాయలు. అంటే కిలోమీటరుకు దాదాపు 254 కోట్లు.

ఈ ప్రాంతంలో మన తెలుగువాళ్లు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ పీజీ హాస్టళ్లలో ఉండే యువతీయువకులున్నారు. అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, కూలీలు, అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ గార్డులు, ఇళ్లలో పని చేసే అక్కలు కూడా ఉన్నారు. అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "మెట్రో ఎప్పుడు తెరుస్తారు?" న్యాయమైన ప్రశ్నే. సిల్క్ బోర్డ్ దగ్గర రోజూ గంటలు పోగొట్టుకునేవాడికి ఆ ఆత్రం ఉండదా? కానీ క్రైస్తవులుగా మనం ఇంకో ప్రశ్న కూడా అడగాలి. తెరిచాక దాంట్లో ఎవరు ఎక్కగలరు?

ముందుగా ఈ డబ్బు ఎలా వస్తుందో తెలుసుకుందాం. బెంగళూరు మెట్రో సంస్థలో కేంద్రం, కర్ణాటక ప్రభుత్వం చెరి సగం భాగస్వాములు. నిర్మాణానికి రెండు ప్రభుత్వాలూ తమ వాటా ఇస్తాయి. మిగిలినది అప్పు. ఈ బ్లూ లైన్‌కే ఆసియా అభివృద్ధి బ్యాంకు 50 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. 2021 ఆగస్టులో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. శంకుస్థాపనకు, ప్రారంభోత్సవానికి పెద్దలు వస్తారు, పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వస్తాయి. అయితే కేంద్రం ఇచ్చే సాయం కట్టడం వరకే. రైలు పరుగు మొదలయ్యాక కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు, అప్పు వాయిదాలు ఎవరు భరించాలి? 2017 నాటి మెట్రో విధానం ఆ భారాన్ని రాష్ట్రం మీద పెట్టింది. రాష్ట్రం దాన్ని మెట్రో సంస్థ మీదికి తోస్తుంది. మెట్రో సంస్థ టికెట్టు మీదికి తోస్తుంది. చివరికి అది ఉదయం ఆరింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరే మనిషి జేబు దగ్గర ఆగుతుంది.

2025 ఫిబ్రవరి 9న జరిగింది ఇదే. 2017 తర్వాత మొదటిసారిగా బెంగళూరు మెట్రో ఛార్జీలు పెంచారు. గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు చేరింది. కొన్ని స్టేషన్ల మధ్య పెంపు రెట్టింపు దాకా వెళ్లింది. జనం మండిపడ్డాక, వారం తిరగకముందే, ఎక్కడా 71 శాతం మించకుండా సవరించారు. అయినా గరిష్ఠ ఛార్జీ 90 అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత రోజుల్లో ప్రయాణికుల సంఖ్య పడిపోయింది. కేంద్రానిది తప్పని రాష్ట్రం, రాష్ట్రానిది తప్పని కేంద్రంలోని పార్టీ వాదించుకున్నాయి. చట్టం ప్రకారం ఛార్జీలను ఒక కమిటీ నిర్ణయిస్తుంది, దాని సిఫార్సును మెట్రో సంస్థ పాటించి తీరాలి. అందువల్ల ఎవరిని అడిగినా "మా చేతిలో లేదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. పైగా ఏటా 5 శాతం దాకా పెంచుకునే పద్ధతిని కూడా ఆ కమిటీ సిఫార్సు చేసింది.

లెక్క వేసి చూద్దాం. 2025 ఆగస్టు 10న ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర వరకు ఎల్లో లైన్ మొదలైంది. 19 కిలోమీటర్ల పైచిలుకు. ఈ కొస నుంచి ఆ కొసకు టికెట్టు 60 రూపాయలు. రానుపోను 120. నెలకు 26 రోజులు పనికి వెళ్తే 3,120. స్మార్ట్ కార్డు మీద 5 శాతం రాయితీ తీసేసినా మూడు వేలకు దగ్గరే. నెలకు లక్ష జీతం వచ్చే తమ్ముడికి ఇది పెద్ద విషయం కాదు. పన్నెండు వేలు సంపాదించే అక్కకు నాలుగో వంతు సంపాదన పట్టాల మీదే పోయినట్టు. ఆమె మెట్రో ఎక్కదు. ఆమె కట్టిన పన్నుతో కూడా ఆ మెట్రో కట్టారు. సబ్బు కొన్నా, నూనె ప్యాకెట్ కొన్నా ఆమె పన్ను కడుతూనే ఉంది కదా.

"బస్సు ఉంది కదా, ఆడవాళ్లకు ఉచితం కూడా" అని మీరు అనవచ్చు. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలైంది. రెండేళ్లు దాటేసరికి 500 కోట్ల ఉచిత ప్రయాణాలు నమోదయ్యాయి. పేద స్త్రీలకు అది గొప్ప మేలు, దాన్ని ఎగతాళి చేసేవారితో నేను ఏకీభవించను. అయితే ఆ పథకం కర్ణాటక నివాసులకే. ఆధార్‌లో అనంతపురం చిరునామా ఉన్న అక్క బెంగళూరు బస్సులో డబ్బు పెట్టి టికెట్టు తీసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం వచ్చింది, కానీ అది ఆమె ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరికి వెళ్లినప్పుడే పనికొస్తుంది. చిరునామా మార్చుకుందామంటే ఊళ్లో రేషన్ కార్డు, ముసలి తల్లి పింఛను, ఓటు ఏమవుతాయోనని భయం. సొంత రాష్ట్రంలో లేదు కాబట్టి అక్కడి ఉచితం అందదు, ఇక్కడిది కాదు కాబట్టి ఇక్కడి ఉచితం అందదు. వలస వచ్చినవాళ్లు రెండు రాష్ట్రాల మధ్య ఇలా జారిపోతున్నారు. పరదేశిని గురించి ధర్మశాస్త్రంలో దేవుడు అన్నిసార్లు ఎందుకు గుర్తు చేశాడో ఇక్కడ అర్థమవుతుంది.

ఇది బెంగళూరు కథ మాత్రమే కాదు. హైదరాబాద్‌లో 69 కిలోమీటర్ల మెట్రోను ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టారు. అక్కడ 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75కు పెంచి, విమర్శల తర్వాత 69కి తగ్గించారు. పెట్టుబడి పెట్టిన పద్ధతి వేరు, భారం దిగిన చోటు మాత్రం ఒకటే. రేపు విజయవాడ, విశాఖపట్నం వంతు. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఆ రెండు మెట్రోల సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. అప్పటి నుంచి "కేంద్రం ఎంత ఇస్తుంది?" అనే మాటే నడుస్తోంది. తెరిచాక టికెట్టు ఎంత అని అడిగినవారు తక్కువ. ఇప్పుడే అడగకపోతే ఆ రోజు కూడా మనకు "మా చేతిలో లేదు" అనే జవాబే దొరుకుతుంది.

ఇక్కడ నాకు నెహెమ్యా గుర్తుకొస్తాడు. మన ప్రసంగాల్లో నెహెమ్యా అంటే గోడ, ప్రార్థన, నాయకత్వం. యువజన సదస్సుల్లో ఆయన గురించి ఎన్నోసార్లు విన్నాం. కానీ ఆ గ్రంథాన్ని ఒక ప్రభుత్వ నిర్మాణ పథకం కథగా చదివి చూడండి. అర్తహషస్త రాజు దగ్గర ఆయన అనుమతి తీసుకున్నాడు. రాజుగారి అడవిని కాసే ఆసాపు నుంచి కలప ఇప్పించమని ఉత్తరం అడిగి తెచ్చుకున్నాడు. అంటే పైనుంచి వచ్చిన నిధులు, సామగ్రి. మూడో అధ్యాయంలో ఎవరెవరు గోడలో ఏ భాగం కట్టారో పేర్లతో సహా ఉంది. పనికి మెడ వంచని తెకోవ పెద్దల సంగతి కూడా రాసి పెట్టారు.

గోడ పూర్తయినట్టు ఆరో అధ్యాయంలో చదువుతాం. 52 రోజుల్లో ముగిసింది. మరి పని సగంలో ఉండగా, అయిదో అధ్యాయంలో ఏం జరిగింది? పేదలు, వాళ్ల భార్యలు గట్టిగా మొర పెట్టారు. శత్రువుల మీద కాదు, సొంత సహోదరుల మీద. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశారు. పిల్లలను దాసత్వానికి అప్పగించారు. గోడ లేస్తోంది, దాన్ని కట్టేవాళ్ల ఇల్లు కూలుతోంది.

నెహెమ్యా ఏం చేశాడో గమనించండి. "ముందు గోడ పూర్తి కానివ్వండి, తర్వాత చూద్దాం" అని వాయిదా వేయలేదు. గోడ ఆపేయమని కూడా అనలేదు. పెద్దలను పిలిచి సమాజం ముందు నిలబెట్టాడు. తాకట్టు పొలాలు, తోటలు, ఇళ్లు ఆ రోజే తిరిగి ఇవ్వమన్నాడు, వడ్డీతో సహా. తాను పన్నెండేళ్లు అధిపతిగా ఉన్నా ఆ పదవికి రావలసిన భత్యం తీసుకోలేదు, జనం మీద భారం అప్పటికే ఎక్కువగా ఉందని. ఇంకో చిన్న మాట కూడా చెప్పుకున్నాడు, మనం చదివి దాటిపోయే మాట: ఆ గోడ పని జరుగుతున్నప్పుడు తాను భూమి కొనుక్కోలేదని.

ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. గోడ లేస్తే పట్టణంలో భూమి విలువ పెరుగుతుందని అధిపతికి తెలియదా? మెట్రో వస్తుందంటే హెచ్‌ఎస్‌ఆర్‌లో స్థలం విలువ ఏమవుతుందో ఇక్కడ ప్రతి బ్రోకరుకూ తెలుసు. ప్రజల డబ్బుతో రైలు వస్తుంది. దానివల్ల పెరిగిన విలువ స్థలం యజమానికి, బిల్డరుకు పోతుంది. అద్దె పెరిగి, పని చేసేవాళ్లు బొమ్మసంద్ర, చందాపురం దాటి ఇంకా దూరం జరుగుతారు. దూరం జరిగినందుకు ఎక్కువ టికెట్టు కూడా వాళ్లే కొనాలి. ఒకే పథకంలో ఒకరికి ఆస్తి, ఇంకొకరికి రెండు దెబ్బలు.

మెట్రోకు వ్యతిరేకంగా నేను రాయడం లేదు. ఈ ఊరికి మెట్రో కావాలి. అప్పు తీర్చకుండా ఏ సంస్థా నడవదు, అదీ నిజమే. నా అభ్యంతరం ఒక్కటే: ఖర్చు రాబట్టడానికి టికెట్టు తప్ప ఇంకో దారి లేదన్నట్టు మాట్లాడటం. దారులున్నాయి. రైలు మార్గం వెంట పెరిగిన భూమి విలువలో కొంత భాగం ఛార్జీల రాయితీకి మళ్లించవచ్చు. ఎలక్ట్రానిక్స్ సిటీలో కోనప్పన అగ్రహార స్టేషన్‌కు ఇన్ఫోసిస్ ఫౌండేషన్ నిధులిచ్చింది. లాభపడేవాళ్లు భారంలో పాలు పంచుకోవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది. దాన్ని దాతల ఇష్టానికి వదలకుండా నియమంగా మార్చాలి.

ఇంకో సంగతి. ఏ పథకానికి డబ్బు ముందు వస్తుంది, దేనికి ఆలస్యం అవుతుంది అనేది కూడా న్యాయానికి సంబంధించిన విషయమే. బెంగళూరు సబర్బన్ రైలును 2020 అక్టోబర్‌లో కేంద్రం ఆమోదించింది. 148 కిలోమీటర్లు, 15,767 కోట్లు. కిలోమీటరుకు సుమారు 106 కోట్లు, అంటే బ్లూ లైన్ ఖర్చులో సగం కూడా కాదు. బొమ్మసంద్ర వైపు హీలలిగె దాకా, ఇటు దేవనహళ్లి దాకా, శివార్లలో ఉండే కార్మికులకు పనికొచ్చే రైలు అది. 2022 జూన్ 20న ప్రధాని శంకుస్థాపన చేసినప్పుడు 40 నెలల్లో పూర్తవుతుందన్నారు. 2025 అక్టోబర్‌తో ఆ 40 నెలలు నిండాయి, ఒక్క మార్గంలో కూడా రైలు నడవలేదు. ఇదే సమయంలో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డ్ వరకు సుమారు 17 కిలోమీటర్ల సొరంగ రహదారికి రాష్ట్ర ప్రభుత్వం సిద్ధమైంది. అంచనా 17 వేల కోట్లకు పైగానే. 58 కిలోమీటర్ల బ్లూ లైన్ మొత్తానికి మంజూరైన దానికంటే ఎక్కువ డబ్బు, టోల్ కట్టి వెళ్లే కార్ల కోసం! తప్పు ఒక్క పార్టీది కాదని చెప్పడానికే ఈ రెండూ పక్కపక్కన పెడుతున్నాను.

బస్సు సంగతి చూడండి. ఈ నగరంలో రోజుకు సుమారు 40 లక్షల మందిని మోసేది బీఎంటీసీ బస్సులే. ఉన్నవి ఏడు వేల దరిదాపు. ఒక కిలోమీటరు మెట్రో ఖర్చుతో వందకు పైనే ఎలక్ట్రిక్ బస్సులు కొనవచ్చు. 2019లో సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించారు. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి మేలు చేసిన ఆ ఏర్పాటు మెట్రో పనుల్లో కనుమరుగైంది. కేంద్రం కూడా బస్సులకు ఏమీ ఇవ్వడం లేదని అనలేం. 2023 ఆగస్టులో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ కింద దేశమంతటికీ 10 వేల బస్సులకు 20 వేల కోట్లు ఇస్తామంది. ఆ మొత్తాన్ని 2025-26 బడ్జెట్‌లో రోడ్డు రవాణా, రహదారుల శాఖకు ఒక్క ఏడాదికే కేటాయించిన 2.87 లక్షల కోట్ల పక్కన పెట్టి చూడండి. ప్రాధాన్యం ఎవరికో అంకెలే చెబుతాయి.

ఆ రహదారుల మీద నడిచేవాళ్ల గతి ఏమిటి? కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారమే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది పాదచారులు, అంటే రోజుకు 90 మంది. కట్టే చోట కూడా ప్రాణాలు పోతున్నాయి. 2023 జనవరి 10న నాగవార దగ్గర ఇదే మెట్రో మార్గంలో స్తంభం కోసం నిలబెట్టిన ఇనుప చట్రం కూలి, బండి మీద వెళ్తున్న ఒక తల్లి, ఆమె పసివాడు చనిపోయారు. అభివృద్ధి వ్యయం అంటే రూపాయలు మాత్రమే కాదు.

కాబట్టి మనం ఏం అడగాలి? నాలుగు విషయాలు.

ఒకటి, కేంద్రం ఏ రవాణా పథకానికి నిధులు మంజూరు చేసినా, తెరిచిన రోజున టికెట్టు ఎంత ఉంటుందో, కనీస వేతనం వచ్చే మనిషి దాన్ని భరించగలడో లేదో పథకం నివేదికలోనే రాయాలి. రెండు, కట్టడానికి వాటా ఇచ్చిన కేంద్రం నడపడంలోనూ వాటా తీసుకోవాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు బస్సులోనూ మెట్రోలోనూ చెల్లే రాయితీ నెల పాస్ ఇవ్వాలి, ఆధార్‌లో ఏ రాష్ట్రం చిరునామా ఉన్నా అది చెల్లాలి. రేషన్ కార్డు దేశమంతటా చెల్లేలా చేసిన ప్రభుత్వానికి ఇది అసాధ్యం కాదు. మూడు, పెరిగిన భూమి విలువలో ప్రజల వాటా ప్రజల ప్రయాణానికే రావాలి. నాలుగు, స్టేషన్ తెరిచే రోజుకే దాని చుట్టూ ఫుట్‌పాత్, దాని దగ్గరకు చేర్చే చిన్న బస్సులు సిద్ధంగా ఉండాలి. బ్లూ లైన్ తెరిచాక ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సుల వరుస తిరిగి రావాలి.

"పాస్టర్‌గారు, ఇవన్నీ రాజకీయాలు కదా, సంఘానికి ఎందుకు?" అని అడిగేవారుంటారు. ఆదివారం ఆరాధనకు వచ్చే కుటుంబాలను చూసి నేను జవాబు చెబుతాను. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు దూరం నుంచి ఆరాధనకు రావాలంటే రానుపోను ఖర్చు వాళ్ల ఒక పూట కూలికి సమానం అవుతుంది. వారం వారం వచ్చేవాళ్లు నెలకు రెండుసార్లు వస్తారు, తర్వాత పండుగలకే వస్తారు. మనం దాన్ని ఆత్మీయ బలహీనత అనుకుంటాం. చాలాసార్లు అది బస్సు ఖర్చు. అయిదో అధ్యాయంలోని మొర వినకుండా ఆరో అధ్యాయంలోని విజయం గురించి ప్రసంగించడం సరికాదు.

ప్రియ యౌవనస్థులారా, ఈ పని మీ చేతుల్లో ఉంది. మీలో చాలామందికి అంకెలు చదవడం, పట్టికలు తయారుచేయడం రోజూ చేసే ఉద్యోగమే. ఆ వరాన్ని ప్రభువు పనికి వాడండి. మీ సంఘంలో ఇరవై కుటుంబాలను కూర్చోబెట్టి, నెలకు ప్రయాణానికి ఎంత ఖర్చవుతోందో రాయండి. పేర్లు లేకుండా ఆ వివరాలు మీ పార్లమెంటు సభ్యునికి, ఎమ్మెల్యేకు, మెట్రో సంస్థకు పంపండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం నేర్చుకోండి, ఖర్చు పది రూపాయలు. 2025 సెప్టెంబర్ నుంచి ఇక్కడ గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద అయిదు నగర పాలక సంస్థలు వచ్చాయి. వార్డు ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని, ఏ పార్టీ వాడైనా, ఫుట్‌పాత్ గురించి, బస్సుల గురించి అడగండి. మీ కంపెనీ మీ కోసం క్యాబ్ పంపుతోందా? మీ ఆఫీసు ఊడ్చే అక్క, గేటు దగ్గర నిలబడే అన్న ఎలా వస్తున్నారో మీ మేనేజరును అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో కొన్ని చోట్ల రేపే మార్పు రావచ్చు.

సంఘ పెద్దలకు ఒక మనవి. మనం కొత్త మందిరం కట్టేటప్పుడు సమాధి రాయి మీద పేర్లు చెక్కించినంత శ్రద్ధగా చందాలిచ్చినవారి పేర్లు చెక్కిస్తాం. స్టేషన్ల దగ్గర శిలాఫలకాలదీ అదే తీరు. నెహెమ్యా గ్రంథంలో మాత్రం గోడ కట్టినవారి పేర్లు, మొర పెట్టినవారి మాటలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. బ్లూ లైన్ తెరిచే రోజున రిబ్బన్ కత్తిరించేవారి ఫోటో అందరూ చూస్తారు. మరుసటి రోజు ఉదయం ఆరింటికి స్టేషన్ మెట్లు ఎక్కుతున్నది ఎవరో, టికెట్టు ధర చూసి వెనక్కి తిరిగి బస్సు స్టాపు వైపు నడుస్తున్నది ఎవరో చూడాల్సింది మనం. ఆ వెనక్కి తిరిగినవాళ్లు కూడా ఎక్కేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు.